‘లైనక్స్‌లో వై-ఫై అంతేనండి’ అంటే నమ్మకండి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 ఎక్కని ల్యాప్‌టాప్‌లు మన ఇళ్లల్లో బోలెడు. వాటిని పాత సామాన్లవాళ్లకు ఇచ్చేయకుండా విండోస్ బదులు లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం వేసుకున్నవాళ్ల నుంచి నాకు ఉత్తరాలు పెరిగాయి. చాలా సంతోషం. అయితే వాటిలో ఎక్కువ భాగం వై-ఫై గురించే. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను.

నేను పాలిటెక్నిక్ ల్యాబ్‌లో పనిచేస్తాను. పిల్లలు తెచ్చే రకరకాల ల్యాప్‌టాప్‌లు రోజూ చూస్తుంటాను. వై-ఫై పోయిందని వచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే యూట్యూబ్‌లో కనిపించిన కమాండ్లన్నీ కొట్టేసి ఉంటారు. ఇంటెల్ కంపెనీ వై-ఫై కార్డు ఉన్న మెషీన్‌లో బ్రాడ్‌కామ్ కంపెనీ డ్రైవర్ (కార్డును నడిపే ప్రోగ్రాం) వేసి ఉంటుంది, రియల్‌టెక్ కార్డుకు అథెరాస్ సెట్టింగ్ పెట్టి ఉంటుంది. అసలు సమస్య ఒకటైతే దాని మీద ఇంకో మూడు చేరతాయి. దయచేసి అలా చేయకండి. మీ కంప్యూటర్‌లో ఏ కార్డు ఉందో, దానికి డ్రైవర్ తగులుకుందో లేదో తెలిశాకే చెయ్యి పెట్టండి.

తెలుసుకోవడం తేలిక. టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే కిటికీ) తెరిచి ఎల్, ఎస్, పి, సి, ఐ అక్షరాలు కలిపి కొట్టండి. ఒక ఖాళీ వదిలి, డాష్ పెట్టి, దాన్ని ఆనుకునే ఎన్, ఎన్, కె కొట్టి ఎంటర్ నొక్కండి. అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాలే. బారెడు జాబితా వస్తుంది. అందులో ‘నెట్‌వర్క్ కంట్రోలర్’ అన్న లైను వెతకండి. ‘ఈథర్‌నెట్ కంట్రోలర్’ అన్నది కేబుల్‌కు సంబంధించినది, దాన్ని వదిలేయండి. నెట్‌వర్క్ కంట్రోలర్ లైను చివర చదరపు బ్రాకెట్లలో ఒక నంబరు ఉంటుంది. అది 14ఈ4తో మొదలైతే బ్రాడ్‌కామ్, 10ఈసీతో అయితే రియల్‌టెక్, 8086తో అయితే ఇంటెల్, 168సీతో అయితే అథెరాస్. దాని కింద ‘కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్’ అన్న లైను ఉంటే డ్రైవర్ తగులుకున్నట్టు. ఆ లైనే లేకపోతే కార్డు బాగానే ఉంది, నడిపే డ్రైవరే లేదు. ఈ తేడా తెలిసిందంటే సగం టెన్షన్ పోయినట్టే.

ఇక ఉత్తరాలు.

ప్రశ్న: మేడమ్ గారూ, నేను నరసరావుపేటలో ఇంటి దగ్గర పదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతాను. పదేళ్ల నాటి హెచ్‌పీ ల్యాప్‌టాప్‌లో మా మేనల్లుడు లైనక్స్ మింట్ వేసిచ్చాడు. ఇన్నాళ్లూ చక్కగా నడిచింది. పోయిన ఆదివారం అప్‌డేట్ మేనేజర్ అడిగితే అన్నీ ఇన్‌స్టాల్ చేశాను. రీస్టార్ట్ చేసేసరికి వై-ఫై గుర్తే మాయం. మేనల్లుడు బెంగళూరులో ఉంటాడు. మీరు ఇదివరకు చెప్పినట్టు జాబితా తీసి చూస్తే బ్రాడ్‌కామ్ బీసీఎం43142 అని, పక్కన 14ఈ4:4365 అని ఉంది. బజార్లో షాపుకు తీసుకెళితే ‘లైనక్స్‌లో వై-ఫై అంతేనండి, ఎనిమిది వందలివ్వండి, విండోస్ వేసేస్తాను’ అన్నారు. వేయించమంటారా?

జవాబు: వేయించకండి మాస్టారూ. మీ కార్డు కాలిపోలేదు, ల్యాప్‌టాప్ చెడిపోలేదు. ఆ నంబరు పంపి మీరు నా పని సగం చేసేశారు. ఆ షాపువాళ్లు వేసే విండోస్‌కు లైసెన్సు ఉంటుందా అని కూడా ఒకసారి అడగండి. పిల్లల మార్కులు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు ఉన్న కంప్యూటర్ అది. ఎక్కడి నుంచి తెచ్చారో తెలియని విండోస్‌ను దాని మీదికి రానివ్వకూడదు.

జరిగింది ఇది. ఆదివారం అప్‌డేట్‌లో కొత్త కెర్నల్ వచ్చింది. కెర్నల్ అంటే లైనక్స్‌కు గుండెకాయ. చాలా కార్డుల డ్రైవర్లు ఆ కెర్నల్‌లోనే కలిసి ఉంటాయి కాబట్టి కెర్నల్ మారినా వాటికి ఇబ్బంది ఉండదు. మీ 43142 మాత్రం ఆ కోవలోది కాదు. దాన్ని నడిపేది బ్రాడ్‌కామ్ సొంత డ్రైవర్, పేరు ‘డబ్ల్యూఎల్’. దాని అసలు కోడ్‌ను కంపెనీ ఎవరికీ ఇవ్వలేదు. మూసిన ముద్దలాంటి ఫైలు ఒకటి ఇచ్చి, దాని చుట్టూ పలచటి తొడుగు కోడ్ మాత్రం బయటపెట్టింది. కొత్త కెర్నల్ వచ్చిన ప్రతిసారీ ఆ తొడుగును మీ కంప్యూటర్‌లోనే మళ్లీ కంపైల్ చేసి, అంటే కంప్యూటర్ నడపగలిగే రూపంలోకి మార్చి, అతికించుకోవాలి. ఆ పని తెర వెనక చేసేది డీకేఎంఎస్ అనే ప్రోగ్రాం. డెల్ ఇంజనీర్లు తయారుచేశారు దాన్ని. అది ఎక్కడో తప్పిందంటే కెర్నల్ కొత్తది, డ్రైవర్ పాతదానికి కుట్టినది. వై-ఫై రాదు.

2015 తర్వాత బ్రాడ్‌కామ్ ఆ డ్రైవర్‌కు కొత్త వెర్షన్ ఇవ్వలేదు. ఇవాళ్టికీ అది నడుస్తోందంటే డెబియన్, ఉబుంటు అనే లైనక్స్ రకాల్లో ఆ ప్యాకేజీని చూసుకునేవాళ్లు ప్రతి కొత్త కెర్నల్‌కూ సరిపడా అతుకులు వేస్తూ రావడమే కారణం. కెర్నల్ ముందొచ్చి ఆ అతుకు తర్వాత వస్తే, మధ్యలో మీలాంటివాళ్లకు ఇబ్బంది.

మొదట నా మాట నిజమో కాదో పరీక్షించండి. లైనక్స్ కొత్త కెర్నల్ వేసినా పాతదాన్ని వెంటనే తీసేయదు. ల్యాప్‌టాప్ ఆన్ చేసి, హెచ్‌పీ గుర్తు పోతున్న క్షణంలో ఎస్కేప్ కీ ఒక్కసారి నొక్కండి. మరీ తొందరగా నొక్కితే హెచ్‌పీ వాళ్ల సొంత మెనూ వచ్చేస్తుంది. ఒకటికి రెండుసార్లు నొక్కితే ‘గ్రబ్’ అని రాసి ఉన్న నల్ల తెర వచ్చి నిలబడుతుంది. ఏదొచ్చినా భయం లేదు, పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేసి మళ్లీ మొదలుపెట్టండి. ఎస్కేప్‌తో ఎంతకీ కుదరకపోతే ఆన్ చేసిన దగ్గర్నుంచి షిఫ్ట్ కీ నొక్కి ఉంచి చూడండి, ఇంకా పాత బయోస్ (ఆన్ చేయగానే కంప్యూటర్‌ను లేపే ప్రోగ్రాం) ఉన్నవాటికి అది పనిచేస్తుంది. సరిగ్గా కుదిరితే నాలుగైదు లైన్ల మెనూ కనిపిస్తుంది. అందులో ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’ అన్నదాంట్లోకి వెళితే కెర్నల్ నంబర్లు వరుసగా ఉంటాయి. పైనున్నది కొత్తది. దాని కింద రికవరీ మోడ్ అని ఉన్నది వదిలేసి, తర్వాతి నంబరు ఎంచుకుని ఎంటర్ కొట్టండి. డెస్క్‌టాప్ వచ్చాక వై-ఫై గుర్తు కనిపిస్తే రోగం తేలిపోయింది. సాయంత్రం క్లాసు దానితోనే కానిచ్చేయండి. మిగతా పని తీరిగ్గా చేసుకోవచ్చు.

ఇక కొత్త కెర్నల్‌కు డ్రైవర్ అతికించడం. దీనికి ఇంటర్నెట్ కావాలి, ఇంటర్నెట్టేమో వై-ఫైతో రావాలి. ఇక్కడే చాలామంది చేతులెత్తేస్తారు. మీ ఫోన్ ఉందిగా. చార్జింగ్ కేబుల్‌తో ఫోన్‌ను ల్యాప్‌టాప్‌కు కలపండి. ఫోన్ సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ ఉండే చోటే ‘యూఎస్‌బీ టెథరింగ్’ ఉంటుంది, ఆన్ చేయండి. కొద్ది సెకన్లలో లైనక్స్ దాన్ని కేబుల్ ఇంటర్నెట్‌లా గుర్తుపడుతుంది. ఏ డ్రైవరూ వేయక్కర్లేదు. కొన్ని కేబుళ్లు చార్జింగ్‌కు మాత్రమే పనికొస్తాయి, టెథరింగ్ మీట వెలగకపోతే కేబుల్ మార్చి చూడండి.

కొత్త కెర్నల్‌తోనే బూట్ చేసి, ఫోన్ తగిలించి, మెనూలో డ్రైవర్ మేనేజర్ తెరవండి. బ్రాడ్‌కామ్ పేరు కింద రెండు ఎంపికలు ఉంటాయి. ముందు ‘ఈ పరికరాన్ని వాడొద్దు’ అన్న అర్థం వచ్చేది ఎంచుకుని అప్లై చేసి రీస్టార్ట్ చేయండి. మళ్లీ వచ్చి, సిఫారసు చేసిన డ్రైవర్ ఎంచుకుని అప్లై చేయండి. దాంతో పాతది పూర్తిగా పోయి, కొత్త కెర్నల్‌కు సరిపడా మళ్లీ కంపైల్ అవుతుంది. పాత ల్యాప్‌టాప్ కదా, కొంచెం టైమ్ తీసుకుంటుంది. ఆగిపోయిందనుకుని మధ్యలో మూసేయకండి.

అయ్యాక కూడా వై-ఫై రాకపోతే టెర్మినల్‌లో ‘సుడో మాడ్‌ప్రోబ్ డబ్ల్యూఎల్’ అని కొట్టండి. సుడో అంటే ఎస్, యు, డి, ఓ. మాడ్‌ప్రోబ్ అంటే ఎం, ఓ, డి, పి, ఆర్, ఓ, బి, ఇ, మధ్యలో ఖాళీలు ఉండవు. చివరిది డబ్ల్యూ, ఎల్ అక్షరాలు. పాస్‌వర్డ్ అడిగితే ఇవ్వండి, కొడుతున్నప్పుడు చుక్కలు కూడా కనిపించకపోవచ్చు, అది మామూలే. ఇప్పుడు వచ్చే జవాబును శ్రద్ధగా చదవండి. ఏ మాటా లేకుండా కింది లైనుకు వచ్చేస్తే డ్రైవర్ ఎక్కింది, వై-ఫై కాసేపట్లో కనిపిస్తుంది.

‘మాడ్యూల్ నాట్ ఫౌండ్’ అంటే డ్రైవర్ కంపైల్ కాలేదు. ఆ కెర్నల్‌కు అతుకు ఇంకా రాలేదన్నమాట, లేదా కంపైల్‌కు కావలసిన కెర్నల్ హెడర్లు అనే ఫైళ్లు ఇన్‌స్టాల్ కాలేదు. ‘డీకేఎంఎస్ స్టేటస్’ అని కొడితే ఏ కెర్నల్ నంబరుకు డ్రైవర్ సిద్ధంగా ఉందో చూపిస్తుంది. కొత్త నంబరు అక్కడ లేకపోతే మొండిగా పోరాడకండి. అప్‌డేట్ మేనేజర్‌లో ‘వ్యూ’ మెనూ కింద ‘లైనక్స్ కెర్నల్స్’ అని ఉంటుంది. పాత కెర్నల్‌తో బూట్ చేసి, అక్కడి నుంచి కొత్తదాన్ని తీసేయండి. అప్‌డేట్లలో అది మళ్లీ కనిపిస్తే రైట్ క్లిక్ చేసి పక్కన పెట్టొచ్చు. ఎల్లకాలం అలా ఉంచకండి, కెర్నల్ అప్‌డేట్లలో భద్రతకు సంబంధించిన మరమ్మతులుంటాయి. ఒక నెలాగి మళ్లీ ప్రయత్నించండి.

‘కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్’ అని వస్తే అది వేరే కథ. డ్రైవర్ తయారైంది, కానీ సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ను ఆపే సెక్యూర్ బూట్ అనే కాపలా దాన్ని లోపలికి రానివ్వడం లేదు. మీ కంప్యూటర్‌లో తయారైన డ్రైవర్ మీద మీ సంతకం ఉండాలి, ఆ సంతకం మీదేనని బయోస్‌కు ఒకసారి చెప్పాలి. డ్రైవర్ ఇన్‌స్టాల్ అవుతున్నప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమని అడుగుతుంది. రీస్టార్ట్ చేయగానే నీలి తెర వచ్చి, పది సెకన్లలోపు ఏదైనా కీ నొక్కమంటుంది. చాలామంది అదేదో ఎర్రర్ అనుకుని వదిలేస్తారు, అది దానంతటదే వెళ్లిపోతుంది, వై-ఫై రాదు. ఆ నీలి తెర కోసం కాచుకుని కూర్చోండి. కీ నొక్కి, ‘ఎన్‌రోల్ మాక్’, తర్వాత ‘కంటిన్యూ’, ‘యెస్’ అని వరసగా ఎంచుకుని, ఇందాక పెట్టిన పాస్‌వర్డ్ ఇచ్చి రీబూట్ చేయండి. ఒక్కసారి చేస్తే చాలు.

ఇంకో సంగతి మాస్టారూ. 43142 కార్డు 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫై సిగ్నల్ మాత్రమే పట్టుకుంటుంది, 5 గిగాహెర్ట్జ్ పట్టుకోదు. కొత్త ఫైబర్ రౌటర్లు రెండు పేర్లు చూపిస్తాయి కదా, చివర 5జీ (అంటే 5 గిగాహెర్ట్జ్) అని ఉన్న పేరు మీ ఫోన్‌లో కనిపించి ల్యాప్‌టాప్‌లో కనిపించకపోతే అది డ్రైవర్ లోపం కాదు. 5జీ లేని పేరుకు కనెక్ట్ అవ్వండి.

ప్రశ్న: అక్కా, నేను భీమవరంలో బీటెక్ రెండో ఏడాది. సెకండ్ హ్యాండ్ హెచ్‌పీ ల్యాప్‌టాప్ కొని ఉబుంటు వేశాను. వై-ఫై వస్తుంది కానీ రౌటర్ పక్కన కూర్చుంటేనే. గదిలోకి వెళితే ఒక్క గీత, అదీ పోతూ వస్తూ ఉంటుంది. రూమ్‌మేట్ ఫోన్లకు అదే మంచం మీద ఫుల్ సిగ్నల్. కార్డు రియల్‌టెక్ ఆర్‌టీఎల్8723బీఈ. కార్డు మార్చేయాలా?

జవాబు: డబ్బులు దాచుకో తమ్ముడూ. ఈ కార్డు పేరు, హెచ్‌పీ పేరు కలిసి కనిపించగానే నాకు అనుమానం వచ్చేసింది. కార్డు మీద యాంటెన్నా వైరు తగిలించే బొడిపెలు రెండుంటాయి. చాలా హెచ్‌పీ మోడళ్లలో వైరు మాత్రం ఒక్కటే వేశారు. ఏ బొడిపెకు వైరు ఉందో కార్డులోని చిన్న చిప్‌లో రాసి ఉంటుంది, డ్రైవర్ దాన్ని చదివి నడుచుకుంటుంది. కొన్నింటిలో ఆ రాత తప్పు. వైరు లేని బొడిపెతో సిగ్నల్ పట్టుకోవాలని చూస్తుంది పాపం డ్రైవర్. పక్కనే రౌటర్ ఉంటే దొరుకుతుంది, గోడ అడ్డొస్తే లేదు.

ముందు ఇప్పటి పరిస్థితి కొలుచుకో. గదిలో మంచం మీదే కూర్చుని ‘ఎన్‌ఎంసీఎల్‌ఐ డెవ్ వైఫై’ కొట్టు. డెవ్ అంటే డి, ఇ, వి. వైఫై మధ్యలో గీత వద్దు. ప్రతి నెట్‌వర్క్‌కూ నూటికి ఎంత సిగ్నలో ఒక వరుసలో చూపిస్తుంది. మీ రౌటర్ పక్కనున్న అంకె రాసిపెట్టుకో. ఇప్పుడు ‘సుడో మాడ్‌ప్రోబ్’ తర్వాత డాష్, ఆర్, ఖాళీ, ఆపైన డ్రైవర్ పేరు ఆర్‌టీఎల్8723బీఈ. దాంతో డ్రైవర్ దిగిపోతుంది. తర్వాత డాష్, ఆర్ లేకుండా అదే కమాండ్ కొట్టి, చివర ఖాళీ వదిలి ఏ, ఎన్, టి, అండర్‌స్కోర్, ఎస్, ఇ, ఎల్, ఈక్వల్ గుర్తు, 2 అని ఖాళీల్లేకుండా చేర్చు. డ్రైవర్ రెండో బొడిపె పట్టుకుని మళ్లీ ఎక్కుతుంది. మళ్లీ సిగ్నల్ అంకె చూడు. పెరగకపోతే 2 బదులు 1 పెట్టి ఇదే పని మళ్లీ చెయ్యి.

ఏ అంకెకు పెరిగిందో దాన్ని శాశ్వతం చేయాలి, లేకపోతే రీస్టార్ట్‌తో పోతుంది. ఈటీసీ ఫోల్డర్‌లో ‘మాడ్‌ప్రోబ్ డాట్ డి’ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో సుడోతో ఒక కొత్త ఫైలు పెట్టు, పేరు నీ ఇష్టం, చివర డాట్ కాన్ఫ్ ఉండాలి. దాంట్లో ఒకే లైను: ఆప్షన్స్, ఖాళీ, డ్రైవర్ పేరు, ఖాళీ, ఇందాకటి ఏఎన్‌టీ అండర్‌స్కోర్ ఎస్‌ఈఎల్ ఈక్వల్ అంకె. అంతే.

సిగ్నల్ పెరిగాక కూడా కాసేపటికోసారి తెగిపోతుంటే పవర్ సేవింగ్ చూడాలి. ఈటీసీ ఫోల్డర్‌లోని నెట్‌వర్క్‌మేనేజర్ ఫోల్డర్‌లో ‘కాన్ఫ్ డాట్ డి’ ఉంటుంది, అందులో వైఫై పవర్‌సేవ్ ఆన్ అని పేరున్న ఫైలు తెరిస్తే ఈక్వల్ పక్కన 3 ఉంటుంది. దాన్ని 2 చెయ్యి. 3 అంటే ఆదా చేయమని, 2 అంటే వద్దని. బ్యాటరీ కాస్త ఎక్కువ తాగుతుంది, క్లాసు మధ్యలో వీడియో ఆగడం మాత్రం తప్పుతుంది.

రియల్‌టెక్ కార్డులకు లైనక్స్‌లో ఇంత పనితనం ఉందంటే ఒక మనిషిని తలచుకోవాలి. అమెరికాకు చెందిన లారీ ఫింగర్ ఈ డ్రైవర్లను ఏళ్ల తరబడి చూసుకున్నారు. అంతకుముందు పాత బ్రాడ్‌కామ్ కార్డుల బీ43 డ్రైవర్ మీదా పనిచేశారు. ఎనభై దాటిన వయసులోనూ మనలాంటివాళ్ల సమస్యలకు ఓపిగ్గా జవాబులిచ్చిన ఆయన 2024 జూన్‌లో కన్నుమూశారు. నీ గదిలో సిగ్నల్ గీతలు పెరిగితే అందులో ఆయన శ్రమ ఉంది. నువ్వు చదివేది కంప్యూటర్ సైన్స్ అయితే ఆ డ్రైవర్ కోడ్ ఒకసారి తెరిచి చూడు, అందరికీ అందుబాటులోనే ఉంది.

ప్రశ్న: నమస్తే మేడం. మహబూబ్‌నగర్ జిల్లాలో మా ఊరి గ్రంథాలయం చూసుకుంట. దాతలు ఇచ్చిన డెస్క్‌టాప్‌ల లైనక్స్ మింట్ 22 ఏసినం. అందుల వై-ఫై లేదని చిన్న యూఎస్‌బీ డాంగిల్ కొన్న. పెడితే వై-ఫై రాదు, సీడీ డ్రైవ్ అని ఒక బొమ్మ వస్తున్నది. దుకాణంల డాంగిల్ మంచిదే అంటున్నరు.

జవాబు: దుకాణంవాళ్లు చెప్పింది నిజమే అన్నా. ఆ డాంగిల్‌లోనే విండోస్ డ్రైవర్ దాచిపెట్టి ఉంటుంది. పెట్టగానే తాను సీడీనని చెప్పుకుంటుంది. విండోస్ ఆ సీడీలోంచి డ్రైవర్ ఇన్‌స్టాల్ చేసుకున్నాక అది వై-ఫైగా మారుతుంది. లైనక్స్‌కు ఆ సీడీతో పని లేదు. ఫైల్ మేనేజర్‌లో సీడీ బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి ‘ఎజెక్ట్’ నొక్కండి. మామూలుగా అక్కడే వేషం మార్చుకుని వై-ఫై జాబితా చూపిస్తుంది.

యూఎస్‌బీ పరికరాలు ఇందాకటి జాబితాలో కనిపించవు. వాటికి ఎల్, ఎస్, యు, ఎస్, బి అని కొట్టాలి. ఎజెక్ట్‌కు ముందు 0బీడీఏ:1ఏ2బీ అని ఉండి, తర్వాత 0బీడీఏ:సీ811 అని మారితే అది రియల్‌టెక్ 8811సీయూ. దానికి కెర్నల్ 6.2 నుంచి డ్రైవర్ లోపలే ఉంది. మింట్ 22 కెర్నల్ 6.8తో వచ్చింది కాబట్టి మీకు ఏమీ డౌన్‌లోడ్ అక్కర్లేదు. మింట్ 21 మొదట్లో వచ్చిన 5.15లో అయితే ఉండదు. ప్రతిసారీ ఎజెక్ట్ చేయాల్సి వస్తుంటే సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ‘యూఎస్‌బీ మోడ్‌స్విచ్’ ఇన్‌స్టాల్ అయి ఉందో లేదో చూడండి, ఆ పని చేయడానికే ఉంది అది. డాంగిల్‌ను సీపీయూ వెనక ఇనప రేకు చాటున కాకుండా చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో టేబుల్ మీదికి తెచ్చి పెట్టండి. సిగ్నల్‌లో తేడా మీకే తెలుస్తుంది. ఊళ్లో పిల్లల కోసం మీరు చేస్తున్న పని చాలా మంచిది. ఇంకేదైనా ఆగితే వెంటనే రాయండి.

ప్రశ్న: మేడమ్, కూకట్‌పల్లిలో ఉంటాను. ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, ఉబుంటు రెండూ ఉన్నాయి. ఆఫీసు పని విండోస్‌లో చేసి, షట్‌డౌన్ చేసి, ఉబుంటులోకి వస్తే ఒక్కోసారి వై-ఫై ఉండదు. నేరుగా ఉబుంటు తెరిస్తే ఉంటుంది. పిచ్చెక్కిపోతోంది.

జవాబు: విండోస్‌లో షట్‌డౌన్ నొక్కితే అది పూర్తిగా ఆగదు. విండోస్ 8 నుంచి ‘ఫాస్ట్ స్టార్టప్’ అని ఒకటి పెట్టారు. సగం నిద్రలోకి వెళుతుంది, వై-ఫై కార్డును కూడా ఆ స్థితిలోనే వదిలేస్తుంది. ఉబుంటు వచ్చి లేపితే కార్డు లేవదు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కు వెళ్లి, పవర్ బటన్లు ఏం చేయాలో చెప్పే చోట ‘ఫాస్ట్ స్టార్టప్’ టిక్ తీసేయండి. టిక్ మీద చెయ్యి పడకపోతే, అదే పేజీలో పైనున్న ‘ఇప్పుడు అందుబాటులో లేని సెట్టింగ్స్ మార్చు’ అన్న లింకు ముందు నొక్కాలి.

అప్పుడూ రాకపోతే ఉబుంటులో ‘ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్’ కొట్టండి. సాఫ్ట్ బ్లాక్డ్ దగ్గర యెస్ ఉంటే ‘సుడో ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ ఆల్’ సరిపోతుంది. హార్డ్ బ్లాక్డ్ దగ్గర యెస్ ఉంటే ఏ కమాండూ పనిచేయదు. ల్యాప్‌టాప్ పక్కనున్న మీటో, విమానం బొమ్మ ఉన్న కీయో నొక్కి ఉంటుంది.

ప్రశ్న: రాజమండ్రి నుంచి. డెబియన్ 11 వేశాను. ఇంటెల్ కార్డు, డ్రైవర్ లైను కూడా కనిపిస్తోంది. అయినా వై-ఫై లేదు.

జవాబు: డ్రైవర్ ఉంది, కార్డులోకి ఎక్కించాల్సిన ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే చిన్న ప్రోగ్రాం) ఫైలు లేదు. ‘సుడో డీమెసేజ్’, అంటే డి, ఎం, ఇ, ఎస్, జి కొట్టి చూస్తే ఫర్మ్‌వేర్ లోడ్ కాలేదని, పక్కన ఎర్రర్ మైనస్ 2 అని ఉంటుంది. మైనస్ 2 అంటే ఆ ఫైలు దొరకలేదని. డెబియన్‌వాళ్లు సోర్స్ కోడ్ లేని ఫర్మ్‌వేర్‌ను చాలాకాలం తమ మామూలు ఇన్‌స్టాలర్‌లో పెట్టలేదు. 2022లో ఓటు పెట్టుకుని ఆ నియమం సడలించారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి అది ఇన్‌స్టాలర్‌లోనే ఉంటోంది. మీరు కొత్తగానే వేశారు కాబట్టి, 11ను బాగుచేసే శ్రమ పడకుండా కొత్త డెబియన్ వేసేయండి.

ప్రశ్న: అమ్మా, వరంగల్ నుంచి రాస్తున్నాను. మా అమ్మాయికి ఇంజనీరింగ్ కోసం కొత్త ల్యాప్‌టాప్ కొనాలి. కాలేజీలో లైనక్స్ వేసుకోమన్నారట. వై-ఫై గొడవ లేనిది ఏది కొనమంటారు?

జవాబు: కొనేముందే అడిగారు, చాలా మంచి పని చేశారండీ. ల్యాప్‌టాప్ కంపెనీ కన్నా లోపలి కార్డు కంపెనీ చూడాలి. ఇంటెల్ కార్డు ఉంటే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. రియల్‌టెక్ 8852బీఈ ఉన్నా పరవాలేదు, 2023 మొదట్లో వచ్చిన 6.2 కెర్నల్ నుంచి దానికి డ్రైవర్ ఉంది. మీడియాటెక్‌లో 7921 బాగానే నడుస్తుంది. అదే మీడియాటెక్ 7902 మాత్రం వద్దు. దానికి చాలాకాలం లైనక్స్ డ్రైవరే లేక, కొత్త ల్యాప్‌టాప్ కొన్న పిల్లలు డాంగిల్ పెట్టుకుని తిరిగారు.

‘ఏది వచ్చినా తర్వాత మార్చుకుందాం’ అనుకుంటే ఇది గుర్తుంచుకోండి. చాలా ల్యాప్‌టాప్‌లలో కార్డు ఊడదీసి వేరేది పెట్టొచ్చు, కొన్నింటిలో మదర్‌బోర్డుకే అతికించేస్తారు. మార్చగలిగినా ఇంటెల్‌లో ఏఎక్స్210 అడగండి. ఏఎక్స్201, ఏఎక్స్211 చూడ్డానికి అచ్చం అలాగే ఉంటాయి, కానీ వాటిలో సగం పని ఇంటెల్ ప్రాసెసర్ వైపు జరుగుతుంది. ఏఎండీ ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్‌లో పెడితే అసలు కనిపించవు.

షాపులో అడిగితే కార్డు పేరు చెప్పలేకపోవచ్చు. డివైస్ మేనేజర్ తెరిపించి ‘నెట్‌వర్క్ అడాప్టర్స్’ కింద పేరు చూడండి. ఒకే మోడల్ నంబరుతో కంపెనీలు రెండు మూడు రకాల కార్డులు వేస్తుంటాయి. డెమో పీసులో ఇంటెల్ ఉండి, మీకిచ్చే డబ్బాలో మీడియాటెక్ ఉండొచ్చు. అందుకని డెమోలో చూసి వదిలేయకుండా, మీకిచ్చే ల్యాప్‌టాప్‌నే అక్కడ ఆన్ చేయించి చూడండి. డబ్బా తెరిస్తే తీసుకోవాల్సిందేనంటే, కార్డు వేరేది వస్తే మారుస్తామని బిల్లు మీద రాయించుకున్నాకే తెరిపించండి.